పాలగిన్నెలో పన్ను, రెయిలింగ్ లేని మెట్లు

తార్నాకలోని ఈ పళ్ల క్లినిక్‌కు ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ ఎందుకో తరవాత చెబుతాను, ముందు ఆ నాలుగూ ఎందుకిచ్చానో చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది. నేను ముప్పైనాలుగేళ్లు దక్షిణ మధ్య రైల్వేలో గార్డుగా చేసి దిగినవాణ్ణి. 2022లో ఆ ఉద్యోగానికి ట్రెయిన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ మేము మాత్రం గార్డులమే. ఏ స్టేషన్‌కు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వచ్చాం, ఎందుకు ఆగాం, ఎప్పుడు కదిలాం అన్నీ రాసుకోవడం మాకు ఒంటికి పట్టిన అలవాటు. అది మనవడి పన్ను దగ్గర పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మొన్న ఆషాఢంలో, సికింద్రాబాద్ బోనాల ఆదివారం. మేముండేది సీతాఫల్‌మండిలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. కొడుకూ కోడలూ బోనం ఉందని చిలకలగూడలో వాళ్ల బంధువులింటికి వెళ్లారు. ఎనిమిదిన్నరేళ్ల మనవడు మాత్రం క్రికెట్ మానుకోలేక మా దగ్గరే ఉండిపోయాడు. బాల్కనీలో కూర్చున్న నాకు కింద సెల్లారులోంచి కేక వినిపించింది. వినగానే వాచీ చూసుకున్నాను. నాకు తెలియకుండానే చెయ్యి అలా తిరుగుతుంది. 5:40.

బంతి వెనక పరుగెత్తి, ర్యాంపు మీద జారి, గేటు జరిగే ఇనప పట్టా మీద బోర్లా పడ్డాడు. నా బతుకంతా పట్టాల మీదే గడిచింది, వీడి పన్ను కూడా పట్టా మీదే ఊడింది. నేను దిగేసరికి చొక్కా అంతా రక్తం. పైవరసలో ముందు పళ్లు రెండింట్లో కుడిది లేదు, ఉన్న చోట గుంట. ఎడమది కింది అంచున ఏటవాలుగా విరిగింది. కింది పెదవి చిట్లింది. పిల్లలందరూ కలిసి వెతికితే 5:46కి ఒక స్కూటర్ కింద పన్ను దొరికింది. విరిగిన ముక్క దొరకలేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ పన్నును వేరు దగ్గరే పట్టుకుని తీశాను. మట్టి అంటింది కదా అని జేబురుమాలుతో గట్టిగా తుడిచాను కూడా. మా ఆవిడ అయితే, ఊడిన పన్ను ఇంటి కప్పు మీద వేయాలనే కాలం మనిషి. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పేడలో చుట్టి పెంకుల మీదికి విసిరేవారట. "ఏమండీ, అది ఇంకెందుకు, ముందు పిల్లాణ్ణి చూడండి" అంది. అది సగం నిజమే. పన్నేమిటి, ముందు పిల్లవాడు.

కోడలికి ఫోను చేశాను. అవతల డప్పులు, పోతరాజు కేకలు. "మామయ్యగారూ, పాలు! పాలు!" అని అరుస్తోంది. "పాలపన్ను కాదమ్మా, పెద్ద పన్నే" అంటున్నాను నేను. "పాలపన్ను కాదు మామయ్యగారూ, పన్ను పాలల్లో వేయండి!" వాళ్ల బడిలో గోడకు అంటించిన పోస్టరులో చూసిందట. ఆ సంభాషణకు ఒక నిమిషం పోయింది. మా ఆవిడ పొయ్యి మీద అప్పుడే కాగిన పాలు తెచ్చింది, వేడి ఆవిర్లు వస్తున్నాయి. వేడి పాలల్లో వేయడానికి నా మనసు ఒప్పలేదు, ఎందుకో చెప్పలేను. ఫ్రిజ్‌లోంచి కొత్త ప్యాకెట్ తీయించి, కత్తిరించి, మూత ఉన్న స్టీలు గిన్నెలో పోసి, అందులో వేశాను. 5:52.

ఆటో ఎక్కి మొదట దగ్గర్లోని ఒక పళ్ల ఆసుపత్రికి వెళ్లాం. అది మీరు కాదు, దాని పేరు రాయను. 6:04కి చేరాం. కౌంటర్లో అబ్బాయి ఫారం ఇచ్చి నింపమన్నాడు. నింపాను. చిరునామా, మెయిలు, మా గురించి ఎలా తెలిసింది, అన్నీ. నింపాక డాక్టరుగారు ఏడు గంటలకు వస్తారన్నాడు. గిన్నె చూపిస్తే, "చిన్నపిల్లవాడే కదా సార్, మళ్లీ వస్తుంది" అన్నాడు. ఎనిమిదిన్నరేళ్లకల్లా ముందు పళ్లు మారిపోయి ఉంటాయని, ఇప్పుడు పోయింది మళ్లీ రాదని పళ్ల ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్నవాడికి తెలియకపోతే ఎలా? తొమ్మిది నిమిషాలు అక్కడ పోయాయి. రైలైతే ఆ ఆలస్యాన్ని ఎవరి ఖాతాలో వేయాలో రాసేవాణ్ణి.

ఈలోగా కోడలు ఈ క్లినిక్ నంబరు వెతికి పంపింది. ఫోనెత్తినావిడ మూడే అడిగారు: బాబుకు ఎన్నేళ్లు, పన్ను ఇప్పుడు ఎక్కడుంది, స్పృహ తప్పాడా. "పాలలోనే ఉంచండి, తీయకండి, కడగకండి, వచ్చేయండి" అన్నారు. పేరు కూడా అడగలేదు. బోనాల ఊరేగింపుతో పెద్ద రోడ్డు కదలడం లేదు. ఆటో అబ్బాయి వారాసిగూడ సందుల్లోంచి తిప్పి తిప్పి తార్నాకలో తేల్చాడు. మీటరు మీద పైసా ఎక్కువ అడగలేదు. అతనికి ఐదు నక్షత్రాలు ఇచ్చే చోటు నాకు తెలియదు.

6:27కి మీ తలుపు. ఫారం ఇవ్వలేదు, డబ్బు అడగలేదు. గిన్నె చేతిలోంచి తీసుకుని లోపలికి పట్టుకెళ్లిపోయారు.

డాక్టరమ్మ ముందు పన్ను వైపు చూడనే లేదు. వాంతి అయిందా, తల తిరుగుతోందా, మగతగా ఉన్నాడా అని నన్ను అడిగారు. దవడ తెరిపించి, మూయించి, రెండు వైపులా వేళ్లతో తడిమి చూశారు. ఆ తరవాతే గిన్నె. నన్ను అడిగిన ప్రశ్న ఇది: "తాతగారూ, పాలల్లో పడేముందు ఎంతసేపు బయట ఉంది? సుమారుగా చెప్పండి చాలు." పన్నెండు నిమిషాలు అన్నాను. "సుమారుగా పన్నెండా?" "సుమారు కాదమ్మా, పన్నెండే." ఆవిడ తల ఎత్తి ఒకసారి నన్ను చూసి, కాగితం మీద 12 వేసుకున్నారు.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో పని చేస్తూనే చెప్పారు. పన్ను వేరు మీద కంటికి కనిపించని పలచని పొర ఉంటుందట. పన్నును ఎముకకు పట్టి ఉంచే నారపోగుల్లో సగం వేరుతో వస్తాయి, సగం గుంటలో ఉండిపోతాయి. ఆ పొరలో జీవకణాలు ఆరిపోతే చచ్చిపోతాయి. గంటసేపు పొడిగా ఉంటే ఇక బతికినవి ఉండవనే లెక్క. మంచినీళ్లలో నానబెట్టినా కణాలు ఉబ్బి పగిలిపోతాయి, పాలల్లో మాత్రం కొన్ని గంటలు తట్టుకుంటాయి. ఇంతకీ అన్నిటికన్నా మంచి చోటు పాలు కాదట, వాడి నోరే. పన్నును తెల్లటి భాగం దగ్గర పట్టుకుని, మట్టి ఉంటే పది సెకన్లకు మించకుండా కడిగి, అక్కడికక్కడే గుంటలో తిరిగి పెట్టి, రుమాలు కరిచిపట్టించి తీసుకురావాలి. అది నాచేత అయ్యేదా? ఏడుస్తున్న మనవడి నోట్లో పన్ను గుచ్చడం? ఏమో. రుమాలుతో తుడిచానని చెప్పినప్పుడు ఆవిడ ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆ మర్యాదను నేను మరిచిపోను.

మత్తు ఇంజెక్షన్ చిగురులో ఇచ్చేటప్పుడు సూది పిల్లవాడికి కనపడనివ్వలేదు. "కన్నా, పన్ను నిద్రపోతుంది, నువ్వు మాత్రం నిద్రపోకు" అన్నారు. వాడు నిజంగానే కళ్లు విప్పార్చుకుని కూర్చున్నాడు. సెలైన్‌తో పన్నును కడిగారు, వేరును గోకలేదు. గుంటలో గడ్డకట్టిన రక్తాన్ని కూడా సెలైన్‌తోనే కడిగారు. తరవాత రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి నొక్కారు. నేను పక్కనే నిలబడి చూశాను. బలం పెట్టినట్టే లేదు. తాళంలో తాళంచెవి కూర్చున్నట్టు, ఒక చోట ఆగింది, కొంచెం తిరిగింది, లోపలికి దిగింది. 6:34. ఎక్స్‌రే తీసి సరిగ్గా కూర్చుందని చూసుకున్నారు.

పక్క పళ్లతో కలిపి కట్టిన తీగ చూస్తే నాకు అనుమానమొచ్చింది. వెంట్రుకకు అన్నలా ఉంది. "ఇంత సన్నమైతే ఆగుతుందా అమ్మా?" అన్నాను. అర మిల్లీమీటరు కూడా ఉండదట, కావాలనే అంత సన్నం. పన్ను కొద్దిగా కదలాలి. బిగించి కడితే వేరు ఎముకకు అతుక్కుపోతుందట. ఇది రెండు వారాలు. పెదవి చిట్లిన చోట విరిగిన ముక్క ఇరుక్కుందేమోనని పెదవికి కూడా ఒక ఎక్స్‌రే తీశారు. పెదవికి ఎక్స్‌రే ఏమిటి అనుకున్నాను గానీ, అలా లోపల మిగిలిపోయిన ముక్కలు తరవాత చీము పట్టిస్తాయట. ఏమీ లేదు. విరిగిన పన్ను మీద తాత్కాలికంగా సిమెంటు లాంటిది పూసి మూశారు.

టి.టి. ఇంజెక్షన్ వేయరేం అని నేనే అడిగాను. మా కాలంలో మోకాలు గీసుకున్నా అది వేయాల్సిందే. ఆవిడ టీకాల కార్డు అడిగారు. కోడలు ఫోటో పంపింది. అయిదేళ్లప్పుడు వేసిన బూస్టరు ఉంది కాబట్టి అక్కర్లేదన్నారు. బరువు చూసి యాంటీబయాటిక్ సిరప్ రాశారు. రెండు వారాలు మెత్తటి తిండి, మెత్తటి బ్రష్, రోజూ రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో పుక్కిలింత. పెరుగన్నం, ఇడ్లీ అంటే వాడికి ఇష్టమే. జామకాయ కొరకొద్దన్నందుకే బాధపడ్డాడు.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ భార్య ర్యాంపు ఊడుస్తూ విరిగిన ముక్కను పట్టుకొచ్చింది. బియ్యపు నూకంత ఉంటుంది. చీపురు కట్టలోంచి దాన్ని ఎలా వేరు చేసిందో! నేను దాన్ని మళ్లీ పాలల్లోనే వేసి మీ దగ్గరికి పట్టుకొచ్చాను. రాత్రంతా ఎండిపోయింది కదా, సెలైన్‌లో ఇరవై నిమిషాలు నానబెట్టాలన్నారు. నేను లెక్కపెట్టాను, ఇరవై నిమిషాలు పూర్తిగా నానబెట్టారు. తరవాత ఆ ముక్కనే తిరిగి అంటించారు. ఇప్పుడు వెలుతురులోకి తిప్పి చూస్తే తప్ప గీత కనపడదు.

ఈ రెండోసారి బయట కూర్చున్నప్పుడే చూశాను. రెండేళ్ల పాపను ఎత్తుకుని ఒక తల్లి ఏడుస్తోంది. మంచం అంచు కొట్టుకుని పాలపన్ను చిగురులోకి సగం దిగిపోయిందట. లాగి సరిచేయండి అంటోంది. డాక్టరమ్మ ఆమెకు నెమ్మదిగా చెప్పారు: పాలపళ్ల సంగతి వేరు. లోపలికి పోయినది చాలా మటుకు కొన్ని నెలల్లో తనంత తానే దిగివస్తుంది, కదిలించకుండా గమనిస్తే చాలు. పాలపన్ను పూర్తిగా ఊడినా తిరిగి పెట్టరు, దాని వెనకే ఎదుగుతున్న పెద్ద పన్ను మొగ్గకు దెబ్బ తగలొచ్చని. అప్పుడు అర్థమైంది, ఫోనులో ముందుగా వయసెందుకు అడిగారో.

ఊడి తిరిగి పెట్టిన పన్నుకు రూట్ కెనాల్ చేయాల్సిందేనని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ చెప్పారు. నేనూ డబ్బు సిద్ధం చేసుకునే వచ్చాను. డాక్టరమ్మ కాగితం మీద రెండు బొమ్మలు గీశారు. పెద్దవాళ్ల పన్ను వేరు కొస మూసుకుపోయి ఉంటుంది. దానికైతే రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. మా వాడి వేరు ఇంకా పూర్తికాలేదు, కొస గరాటులా తెరిచి ఉంది. ఆ తెరిచిన దారిలోంచి రక్తనాళాలు తిరిగి లోపలికి పాకి, పన్ను మళ్లీ బతికే అవకాశం ఉంది. కాబట్టి తొందరపడకుండా చూద్దాం, చీము గానీ, వేరు కరిగే లక్షణం గానీ కనపడితే అప్పుడు చేద్దాం అన్నారు. పిల్లల్లో వేరు కరగడం మొదలైతే వేగంగా సాగుతుందట, అందుకని పిలిచిన తేదీకి రావాలి. రెండు వారాలకు, ఒక నెలకు, రెండు, మూడు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏడాదికొకసారి అయిదేళ్ల దాకా. అంటే నాకు 76 వచ్చేదాకా మీ మెట్లెక్కాలి. చేతికొచ్చిన రూట్ కెనాల్ బిల్లును వదులుకుని, ఆగి చూద్దాం అనే చోటు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో చెప్పలేను గానీ, నా మొదటి నక్షత్రం దానికే.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఇంకొకటి. మొదటి నెల విజిట్‌లో డాక్టరమ్మ చిన్న అద్దం కాడ తిప్పి పట్టుకుని, ముందు పళ్ల మీద ఒక్కొక్క దాన్నీ టక్ టక్ మని కొట్టారు. కొట్టి ఆగారు. మళ్లీ కొట్టారు. ఏం వింటున్నారమ్మా అన్నాను. ఎముకకు అతుక్కుపోయిన పన్ను గట్టిగా, లోహంలా మోగుతుంది, అతుక్కోనిది మందంగా పలుకుతుంది అన్నారు. నాకు ఒక్కసారి కాజీపేట ప్లాట్‌ఫాం కళ్లముందుకు వచ్చింది. మా రోజుల్లో బండి ఆగగానే పొడుగు కాడ సుత్తితో ఒకాయన చక్రం చక్రం కొట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. పన్నుకు ఇది తిరగబడింది. గంటలా మోగితేనే చెడ్డ. అతుక్కుపోతే పిల్లవాడి దవడ పెరుగుతుంది, పక్క పళ్లు దాంతో దిగుతాయి, ఆ ఒక్క పన్నూ ఉన్నచోటే ఉండిపోయి పొట్టిగా కనిపిస్తుంది. ఈ సంగతి ఆవిడతో చెబితే చక్రాల కథంతా అడిగి విన్నారు. బయట నలుగురు ఎదురుచూస్తున్నారు, వాళ్లకు నా క్షమాపణలు. మూడో నెల విజిట్‌లో కొట్టేముందు, "తాతగారూ, మీరూ వినండి" అన్నారు. ముందు పక్క పన్ను, తరవాత ఇది. నా చెవికి రెండూ ఒకేలా మందంగానే వినిపించాయి. ఆవిడా అదే రాసుకున్నారు. పన్నుకు స్పర్శ వచ్చిందా అని చల్లటి దూది పెడితే మాత్రం వాడికి ఇంకా సరిగ్గా తెలియడం లేదు, దానికి నెలలు పట్టొచ్చట. ఎక్స్‌రేలో గరాటు మూతి కొంచెం సన్నబడిందన్నారు. నాకు రెండు ఫోటోలూ ఒకేలా కనపడ్డాయి, ఆవిడ మాట నమ్ముతాను.

డబ్బు సంగతి. మొదటి సాయంత్రం 7,200, ముక్క అంటించడానికి 1,500, ఆపైన విజిట్‌కు 400. ఏది దేనికో బిల్లులో విడివిడిగా ఉంది. వైద్యానికి జీఎస్‌టీ లేదు కాబట్టి పన్నుకు పన్ను పడలేదు. ఖర్చు భారమైనవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడా పిల్లల పళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. పై వరస కొంచెం ఎత్తుగా ఉన్న పిల్లలకు ఇలాంటి దెబ్బలు ఎక్కువట, మా వాడివి ఎత్తుపళ్లే. ఆటలప్పుడు పెట్టుకోవడానికి మౌత్‌గార్డ్ కొలత తీశారు. వాడు దాన్ని తోటి పిల్లలకు చూపించడానికే ఎక్కువ వాడుతున్నాడు.

ఇక కోత. మీ క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, సరే. కానీ మొదటి మలుపు దాటాక మెట్లకు రెయిలింగ్ లేదు. రక్తం కారుతున్న పిల్లవాణ్ణి ఒక చేత్తో, పాలగిన్నె ఒక చేత్తో పట్టుకుని ఎక్కిన ముసలివాడు చెబుతున్న మాట ఇది. పిల్లలొచ్చే చోట అసలు అలా ఎలా వదిలారు? కింద బండి పెట్టే చోటు లేదు, మెట్రో స్తంభాల పక్కన పెడితే చలానా. హాల్లో టీవీలో బొమ్మల సినిమా చెవులు చిల్లులు పడేలా పెడతారు, లోపల పన్ను కొట్టి శబ్దం వినేటప్పుడైనా తగ్గించండి. రెండో నెల విజిట్‌కు 4:30 అని చెప్పి 5:05కి పిలిచారు. కారణం ఎవరూ చెప్పలేదు. స్టేషన్‌లో అయితే మైకులో చెబుతారు.

ఆరో నెల విజిట్ జనవరిలో, సంక్రాంతి ముగ్గులయ్యాక. అప్పటికి రెయిలింగ్ పెట్టించి ఉంటే ఇక్కడికే వచ్చి నాలుగును ఐదుగా దిద్దుతాను.